ఇలోఇలోలో చేత్తో కొట్టిన బోలో కొనాలి, మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ఇలోఇలో_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఉద్యోగం పని మీద ఫిలిప్పీన్స్‌లో, పనాయ్ దీవిలోని ఇలోఇలోలో ఉంటున్నాను. ఆర్నిస్ (కర్రలతో, కత్తులతో చేసే ఇక్కడి యుద్ధకళ) క్లాసులో చేరినప్పటి నుంచి ఇక్కడి కత్తుల మీద ఆసక్తి బాగా పెరిగింది. చేత్తో కొట్టిన అసలైన బోలో (నరకడానికి వాడే ఇక్కడి పెద్ద కత్తి) ఒకటి కొనుక్కోవాలని ఉంది. గోడకి తగిలించుకోవడానికి మాత్రం కాదు, ఇంటి వెనక వెదురు నరకడానికి, కొబ్బరి బోండాలు కొట్టుకోవడానికి రోజూ వాడుకునేలా ఉండాలి.

ఇప్పటికి రెండు చూశాను. ఒకటి సిటీలో గిఫ్టుల షాపులో ఉంది, వంకర్లు తిరిగిన క్రిస్, పిడి మీద పాము తల చెక్కారు, అద్దంలా మెరుస్తోంది. రెండోది ఊరి బయట రోడ్డు పక్కన ఒక పాండాయ్ దగ్గర చూశాను (ఇక్కడ కమ్మరిని పాండాయ్ అంటారు). ఇది బినాంగొన్ అన్నాడు, బోలోల్లో ఒక రకం. ఒళ్ళంతా నల్లగా, సుత్తి దెబ్బల గుర్తులతో ఉంది, అంచు దగ్గర మాత్రమే సాన పట్టి తెల్లగా ఉంది, పిడి మామూలు చెక్క. దేంతో చేశావని అడిగితే మోల్యే అన్నాడు, అంటే పాత జీప్నీ (ఇక్కడ జనాన్ని ఎక్కించుకుని తిరిగే బండి) కమాన్ కట్ట.

నా డౌట్లు ఇవి. తుక్కు ఇనుముతో చేసిన కత్తి నిలబడుతుందా? ఆ బినాంగొన్ అంచు ఒకవైపు మాత్రమే వాలుగా ఉంది, రెండోవైపు పూర్తిగా చదును. అలాగే చేస్తారా, లేక సగం పని చేసి వదిలేశాడా? కొనే ముందు అక్కడికక్కడే ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కొలిమి_మంట:

తమ్ముడూ, ఆలోచించకుండా రెండోది తీసుకో. క్రిస్ సంగతి దక్షిణాదిలో, మిందనావో వైపు ఉన్నవాళ్ళెవరైనా నాకన్నా బాగా చెప్తారు, నేను కొలిమి పని వరకు చెప్తాను. తీరిక దొరికినప్పుడల్లా చాకులు కొట్టే అలవాటు నాకు, అందులో ఫిలిప్పీన్స్ కత్తులంటే ప్రత్యేకమైన ఇష్టం.

ముందు ఆ ఒకవైపు వాలు సంగతి. అది సగం పని కానే కాదు. పనాయ్ కత్తులు, అంటే బినాంగొన్, తాలిబోంగ్ లాంటివి, చాలావరకు అలాగే చేస్తారు, వడ్రంగి ఉలికి ఉన్నట్టు. వెదురుని ఏటవాలుగా కొట్టినప్పుడు చదునువైపు బొంగుకి ఆనుకుని దిగిపోతుంది, పేడు వాలువైపు నుంచి విచ్చుకుని లేచిపోతుంది, అందుకే కోత అంత నున్నగా వస్తుంది. సాన పట్టేటప్పుడు కూడా ఒక్క ముఖమే అరగదీయాలి, ఆ తర్వాత చదునువైపుని రాయి మీద పూర్తిగా పరిచి ఒకటి రెండుసార్లు లాగితే అంచున వేలాడే సన్నటి పొర ఊడిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. కుడిచేతివాళ్ళ కత్తికి, ఎడమచేతివాళ్ళ కత్తికి వాలు వేరువేరు వైపుల ఉంటుంది. నీది ఎడమచేతి వాటమైతే పాండాయ్‌కి ముందే చెప్పి చేయించుకో, లేదంటే ప్రతి దెబ్బా నువ్వు అనుకోని వైపుకి లాగుతుంది.

ఇక మోల్యే. కమాన్ కట్ట అనగానే తుక్కు అని తీసిపారెయ్యకు. జీప్నీలకి, లారీలకి వాడే కమాన్లు ఎక్కువగా 5160 రకం ఉక్కువి, లేదా దానికి దగ్గరివి. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం, దాంతోపాటు కాస్త క్రోమియం ఉంటాయి. బండెడు బరువు కింద వంగుతూ లేస్తూ ఏళ్ళ తరబడి విరక్కుండా ఉండాలని తయారు చేసిన ఉక్కది. పొడుగాటి కత్తికి కావలసింది కూడా సరిగ్గా అదే గుణం. వంటింటి చాకులకి ఇంతకన్నా గట్టి ఉక్కులు ఉన్నాయి గానీ, వాటితో ఎండిన వెదురు కణుపు మీద కొడితే అంచు పెచ్చులు లేచిపోతుంది.

అయితే ఎంత మంచి ఉక్కైనా వేడి దగ్గర తేడా వస్తే ఎందుకూ పనికిరాదు, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. వీలైతే ఆ పాండాయ్ పని చేస్తుండగా వెళ్ళి కాసేపు కూర్చో. చాలా చోట్ల కొబ్బరి చిప్పల బొగ్గే వాడతారు, పొగ తక్కువ, వేడి ఎక్కువ. పాతరోజుల్లో పక్కపక్కనే నిలబెట్టిన రెండు గొట్టాల్లో కోడి ఈకలు కట్టిన కర్రలు పైకీ కిందకీ ఆడించి గాలి కొట్టేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువమంది కరెంటు బ్లోయర్ పెట్టుకున్నారు. సుత్తితో ఆకారం తీసుకురావడం, ఆకురాయి పట్టడం అయ్యాక అసలు ఘట్టం మొదలవుతుంది. ఆ కొలిమి నీడలోనే ఉంటుంది చూడు, ఎండలోకి తెస్తే ఉక్కు ఎరుపు సరిగ్గా తెలియదు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కుకి అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది, ఈ ఉక్కుని అక్కడి నుంచి ఇంకాస్త పైకి, 830 దరిదాపులకి తీసుకెళ్ళాలి. ఆ వేడిని థర్మామీటర్ లేకుండా ఒట్టి కంటితో పట్టుకుంటాడు. పట్టకారుతో కత్తిని పట్టుకుని అంచు మాత్రమే మునిగేలా నూనెలో పెడతాడు, వెన్ను బయటే ఎర్రగా ఉంటుంది. ముంచిన అంచు గట్టిపడుతుంది, మెల్లగా చల్లారిన వెన్ను మెత్తగా ఉండిపోయి దెబ్బని ఓర్చుకుంటుంది.

ఆ తర్వాత అంచుని త్వరగా కాస్త రుద్ది తెల్లగా చేసి చూస్తాడు. వెన్నులో మిగిలిన వేడి కిందకి పాకుతూ ఉంటే అంచు మీద రంగులు నడుస్తాయి, ముందు లేత గడ్డి రంగు, తర్వాత ముదురు పసుపు, గోధుమ రంగు, ఊదా, నీలం. ఎక్కడ ఆపాలో చెయ్యి తిరిగినవాడికి తెలుస్తుంది. గడ్డి రంగు దగ్గరే ఆపితే అంచు పెళుసుగా ఉంటుంది, నీలం దాటిపోతే మెత్తబడిపోతుంది. చూస్తుండగానే అయిపోయే ఈ పనిలోనే పాండాయ్ గొప్పతనమంతా ఉంది, దీన్ని చూడకుండా కత్తి కొనడం నాకైతే మనసొప్పదు.

కొనేటప్పుడు ఒక చిన్న ఆకురాయి అడిగి అంచు మీద నెమ్మదిగా లాగు. జారిపోతూ సన్నగా కీచుమంటే అంచు గట్టిపడినట్టు, పట్టుకుని గీసుకుపోతే మెత్తగా ఉన్నట్టు. అదే ఆకురాయి వెన్ను మీద పట్టుకోవాలి. తర్వాత పిడి వైపు నుంచి కంటికి ఆనించి పొడుగునా చూడు, వెన్ను గీత తిన్నగా ఉండాలి. వేలి గోటితో మీటితే స్పష్టంగా మోగాలి, బొంగురుగా ఉంటే లోపల పగులుందేమో అని అనుమానించు. ఉలి వాలు ఉన్న కత్తి ఒకవైపుకి కొద్దిగా వంగే అవకాశం ఉంటుంది కాబట్టి ఈ తిన్నదనం దగ్గర మొహమాటపడకు.

జాంబోవాంగా_కబుర్లు:

కొలిమి_మంట గారు చెప్పినదానికి రెండు చేతులా ఓటు. క్రిస్ సంగతి నేను చెప్తాను, మిందనావోలోని జాంబోవాంగాలో చాలాకాలంగా ఉంటున్నా కాబట్టి మోరో (ఇక్కడి ముస్లిం జాతుల) కత్తులు కొంచెం దగ్గరగా చూశాను.

నువ్వు ఇలోఇలో గిఫ్టు షాపులో చూసింది దాదాపు ఖాయంగా అలంకారం కోసం చేసిందే. క్రిస్ అనేది పనాయ్ కత్తి కాదు, మిందనావో, సులు వైపు ముస్లిం జాతుల కత్తి, తౌసుగ్, మగిందనావో, మరనావో వాళ్ళది. జావా క్రిస్ సన్నగా, పొడవడానికి తగ్గట్టు ఉంటుంది. మోరో క్రిస్ దానికన్నా పెద్దది, వెడల్పు, బరువు, రెండంచులతో నరకడానికి చేసింది. వంకర్లు లేని తిన్నటి క్రిస్‌లు కూడా బోలెడు, సగం వంకర సగం తిన్నగా ఉన్నవీ ఉన్నాయి. కాబట్టి వంకర్లు ఎక్కువుంటే గొప్పదని అమ్మేవాడు చెప్పే మాట పట్టించుకోకు.

నిజమైన పాత క్రిస్‌ని దగ్గరగా చూసే అవకాశం వస్తే పిడి మొదట్లో, కత్తి వెడల్పయ్యే చోట అడ్డంగా ఉండే గీతని చూడు. పాతవాటిలో అక్కడ గాంగ్యా అనే విడి ముక్క ఉంటుంది, కత్తి ఒంటికి దాన్ని ఎంత బిగువుగా కూర్చుతారంటే గోరు కూడా దూరదు. 20వ శతాబ్దంలో చేసిన చాలావాటిలో ఆ ముక్కే ఉండదు, ఉన్నట్టు కనబడేలా పైన గీత చెక్కి వదిలేస్తారు. పాతవాటిలో ఇంకో అందం కూడా ఉంది. మెత్తటి ఇనుము, గట్టి ఉక్కు పొరలు పొరలుగా కలిపి కొట్టినవి, కొన్నిటిలో మధ్య భాగాన్ని మెలితిప్పి అతికినవి కూడా ఉన్నాయి. సరిగ్గా శుభ్రం చేసి వెలుతురులో తిప్పి చూస్తే ఆ పొరలు కట్టె ఈనెల్లా బయటపడతాయి. యాసిడ్‌తో పైపైన గీసిన డిజైన్ మాత్రం కత్తి అంచు దాకా రాగానే తెగిపోతుంది, లేదా సాన పట్టిన చోట మాయమైపోతుంది.

వాడుకోవడానికి మోరో కత్తే కావాలంటే బారోంగ్ చూడు. సులు తౌసుగ్‌లది, ఆకు ఆకారం, ఒకే అంచు, మందమైన వెన్ను, చేతిలోకి తీసుకుంటే బరువు కొట్టే చోటుకి దగ్గరగా ఉన్నట్టు తెలుస్తుంది. పిడి చివర కాకతువా చిలక తలలా మలుస్తారు, పాత పెద్దింటి కత్తుల్లో దంతం, వెండి కూడా వాడారు. కంపిలాన్ సంగతి వేరు, అది పొడుగాటి యుద్ధపు కత్తి, మొన వైపు వెడల్పు పెరుగుతుంది, మొన మీద చిన్న ముల్లు లాంటిది ఉంటుంది, పిడి చివర నోరు తెరిచినట్టు చీలి ఉంటుంది. ఇంటి వెనక వెదురుకి దాంతో పనేం లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ కత్తులు ఇక్కడి కుటుంబాల్లో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చినవి. ఎవరింట్లోనైనా చూపిస్తే ముందు అడిగి, వాళ్ళు ఎలా పట్టుకోమంటే అలా పట్టుకుని చూడండి, అంచు మీద వేళ్ళు పెట్టకండి. చెమట తగిలిన చోట తుప్పు వస్తుంది, పైగా అది వాళ్ళకి ఒట్టి వస్తువు కాదు.

వెదురు_బొంగు:

అన్నలిద్దరూ బాగా చెప్పారు, కానీ మోల్యే మీద నాదొక అభ్యంతరం ఉంది. కమాన్ కట్ట ఉక్కు మంచిదే, ఒప్పుకుంటా. కానీ బండి కింద ఏళ్ళపాటు వంగిన కట్టలో కంటికి కనబడని పగుళ్ళు ఉండొచ్చు. సుత్తి దెబ్బలు తిని కత్తి అయిపోయాక కూడా అవి పోవు, ఏదో ఒకరోజు గట్టి కణుపు మీద పడినప్పుడు తెరుచుకుంటాయి. అందుకే నేను పాండాయ్‌ని కట్టలో ఏ భాగం వాడావని అడుగుతాను. మధ్యలో బోల్టు రంధ్రం చుట్టూ, చివర చుట్టు తిరిగిన చోట ఒత్తిడి ఎక్కువ పడుతుంది, తెలిసిన పాండాయ్ వాటిని పక్కన పడేసి తిన్నటి భాగమే తీసుకుంటాడు. ఆ ప్రశ్న అడిగినప్పుడు అతను ఎలా జవాబిస్తాడో దాన్ని బట్టే సగం తెలిసిపోతుంది.

నాకు ఈ కత్తుల్లో బాగా నచ్చేది ఒకటే, ప్రతి ఆకారం వెనక ఒక పని ఉంటుంది. కొబ్బరి చెట్టెక్కి తూబా కల్లు గీసేవాళ్ళ సాంగోట్ కొడవలిలా వంగి ఉంటుంది, గెల కొసని పల్చగా చెక్కాలి కాబట్టి. పొలం బోలోకి బొడ్డు లావు, దెబ్బ బరువుగా పడాలి. ఒక దీవిలో ఒకలా, పక్క దీవిలో ఇంకోలా ఉంటాయి. ఉత్తరాన ఇలోకానో జనం బోలోని బునెంగ్ అంటారు, లా యూనియన్‌లోని బంగార్, పంగసినాన్‌లోని పోజోర్రుబియో ఈ పనికి పేరున్న ఊళ్ళు. బతంగాస్‌లో తాల్ దగ్గర బాలిసోంగ్ అనే బరంగాయ్ (చిన్న ఊరు) ఉంది, మడత పిడి కత్తి పేరు, ఊరి పేరు ఒకటే. 1896లో స్పెయిన్ మీద తిరగబడిన కతిపునాన్ అనే విప్లవ సంఘం వాళ్ళ చేతుల్లో తుపాకులు తక్కువ, బోలోలే ఎక్కువ, వాళ్ళ నాయకుడు బోనిఫాసియో విగ్రహాల్లో చాలావాటికి చేతిలో బోలో అందుకే ఉంటుంది. పొద్దున పొలంలో వాడిన పనిముట్టే అవసరమొస్తే ఆయుధమైంది. ఇదంతా తెలిసి కూడా మెరిసే బొమ్మ కత్తికి డబ్బులు పెట్టి, రోడ్డు పక్కన కొలిమి దగ్గర ఒళ్ళు కాల్చుకుని పనిచేసే మనిషితో గీచి గీచి బేరమాడేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఫ్యాక్టరీలో రేకు కోసి చేసిన కత్తులు చవగ్గా దొరుకుతుంటే వాళ్ళ పిల్లలు ఈ పనిలోకి ఎందుకొస్తారు? దయచేసి అతను అడిగింది ఇచ్చి, నీకు తగ్గ పొడవు, బరువు చెప్పి చేయించుకో.

చట్టం విషయం కూడా తెలుసుకో. బతస్ పంబన్సా 6 అని 1978 నాటి చట్టం ఉంది, ఇంటి బయట కత్తి వెంట పెట్టుకుని తిరగడం నేరం. జీవనోపాధి పనికో, చట్టబద్ధమైన పనికో అవసరమైతే మినహాయింపు ఉంది. పొలానికి వెళ్ళే రైతు నడుముకి బోలో ఉంటే ఎవరూ ఏమనరు, నువ్వు అదే కట్టుకుని సిటీ మాల్‌కి వెళ్తే మాత్రం టెన్షన్ తప్పదు. కొన్న రోజే ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, తాడు కట్టి తిన్నగా ఇంటికి తెచ్చుకో. ఆర్నిస్ క్లాసుకి కూడా దీన్ని తీసుకెళ్ళకు. 2009లో రిపబ్లిక్ యాక్ట్ 9850తో ఆర్నిస్‌ని జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించారు, నిజమే. అయినా ప్రాక్టీసు బెత్తం కర్రతోనే చెయ్యి, పదునున్న కత్తి మాస్టారు పక్కనుండి చెప్తే తప్ప తియ్యకు.

ఇలోఇలో_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నిన్న మళ్ళీ ఆ పాండాయ్ దగ్గరికి వెళ్ళాను. కట్టలో ఏ భాగం అని అడగ్గానే మూలన పడేసిన ముక్కలు చూపించాడు, బోల్టు రంధ్రం ఉన్నవి, చుట్టు తిరిగినవి అన్నీ అక్కడే ఉన్నాయి. ఆకురాయి అంచు మీద జారింది, వెన్ను మీద పట్టింది. కుడిచేతి వాటమే నాది, వాలు సరిపోయింది. పిడి మాత్రం ఇంకాస్త లావుగా కావాలని చెప్పాను, లంకా చెక్కతో (పనస) చేసిస్తానన్నాడు. కామగాంగ్ చెక్క అడుగుదామా అనుకున్నా, బాగా నల్లగా అందంగా ఉంటుంది కదా?

ఇంకో రెండు. పిడిని మేకులేం లేకుండా ఏదో నల్లటి జిగురుతో బిగిస్తున్నాడు, ఊడిపోదా? ఇక్కడి తేమలో తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలి?

కొలిమి_మంట:

పనసే తీసుకో. కామగాంగ్ అందమైందే, చాలా గట్టిది, కానీ ఆ చెట్టు రక్షిత జాతి, చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా కొనకపోవడం మంచిది. పైగా రోజూ కొట్టే కత్తికి పనస, జామ లాంటివి చేతికి హాయిగా ఉంటాయి, విరిగినా మళ్ళీ ఎక్కడైనా దొరుకుతాయి. పాత పిడుల్లో గేదె కొమ్ము కూడా బాగా వాడారు, చెమట చేతికి జారుతుందనిపిస్తే మధ్యలో బెత్తం అల్లించుకో.

ఆ జిగురు చెట్టు నుంచి తీసే గుగ్గిలం లాంటిది, పాతకాలం పద్ధతి అదే. కత్తి తోకని (పిడిలోకి దిగే భాగాన్ని) వేడి చేసి, కరిగిన గుగ్గిలం నింపిన రంధ్రంలోకి దించుతారు, చల్లారాక రాయిలా బిగుసుకుంటుంది. ఎప్పుడైనా వదులైతే భయపడకు, మళ్ళీ వేడి చేస్తే కరుగుతుంది, పిడి తీసి కొత్తగా బిగించవచ్చు. ఈ మధ్య కొందరు ఎపాక్సీ వాడుతున్నారు, అది గట్టిదే గానీ పిడి మార్చాలంటే పగలగొట్టాల్సిందే. పిడి మొదట్లో లోహపు కట్టు ఉందో లేదో చూడు, చెక్క చీలకుండా కాపాడేది అదే.

తుప్పుకి పెద్ద మందేం అక్కర్లేదు. పని అవ్వగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయి. కొబ్బరి నూనె ఉన్నా సరిపోతుంది, కాకపోతే ఎక్కువ రోజులు వాడకుండా దాచేటప్పుడు మెషిన్ ఆయిల్ మేలు. వెదురు పసరు, పండ్ల పులుపు అంటుకుంటే అలాగే వదిలెయ్యకు. కొద్ది నెలలు వాడాక ఒంటి మీద బూడిద రంగు తిరుగుతుంది, దాన్ని రుద్ది పోగొట్టకు, ఆ పొర ఉంటే ఎర్ర తుప్పు త్వరగా పట్టదు. ఎక్కువకాలం పక్కన పెడితే మాత్రం ఒరలోంచి తీసి విడిగా పెట్టు, చెక్క ఒర తేమని పీల్చుకుని కత్తికి అంటిస్తుంది.

ఒర మాటొచ్చింది కాబట్టి ఇదీ విను. ఇక్కడి ఒరలు రెండు చెక్క పలకలు కలిపి బెత్తంతో కట్టినవి. కత్తి దూసేటప్పుడు ఒర చుట్టూ వేళ్ళు మూసి పట్టుకోకూడదు, అంచు పలకల మధ్య సందులోంచి బయటికొస్తే నేరుగా వేళ్ళకే తగులుతుంది. వెన్నువైపు అరచేయి, పక్కల వేళ్ళు ఉండేలా పట్టుకుని, కత్తి వెన్ను ఒరకి రాసుకుంటూ వచ్చేలా లాగు.

జాంబోవాంగా_కబుర్లు:

తమ్ముడూ, దేశం వదిలి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఒక మాట. కొత్తగా చేయించిన బోలో అయితే చెక్-ఇన్ లగేజీలో మాత్రమే పెట్టాలి, చేతి సంచిలో అస్సలు కుదరదు, ఎయిర్‌లైన్‌ని, నువ్వు దిగే దేశం రూల్స్‌ని ముందే కనుక్కో. పాండాయ్ దగ్గర చేతిరాతతోనైనా రసీదు రాయించుకో, తేదీతో సహా, కొత్తదని చూపించడానికి పనికొస్తుంది. పాత క్రిస్, బారోంగ్ లాంటివి ఎవరైనా అమ్మజూపితే మాత్రం ఆగు. రిపబ్లిక్ యాక్ట్ 10066 కింద సాంస్కృతిక ఆస్తిని బయటికి తీసుకెళ్ళాలంటే అనుమతి కావాలి, పాత కత్తుల విషయంలో నేషనల్ మ్యూజియంలో అడగాలి. ఏ కాగితం లేకుండా "మా తాతది" అని అమ్మేవాడి దగ్గర కొనకు.

పిడి పూర్తయ్యాక ఫోటో పెట్టు, ఒర కట్టు దగ్గరగా కనబడేలా తియ్యి.

వెదురు_బొంగు:

అతను చెత్త ముక్కలు తీసి చూపించాడంటే సరైన మనిషి దగ్గరికే వెళ్ళావు. పిడి బిగించే రోజు కుదిరితే నువ్వూ అక్కడుండు, గుగ్గిలం చల్లారక ముందే చేతిలో పట్టుకుని చూసి, అంచు నీ పిడికిలికి తిన్నగా ఉందో లేదో చెప్తే అప్పటికప్పుడు సరిచేస్తాడు. చల్లారిపోతే మళ్ళీ అంతా వేడి చెయ్యాలి.

ఇలోఇలో_కుర్రోడు:

శనివారం రమ్మన్నాడు, పొద్దున్నే వెళ్తా. ఫోటోలు ఈ థ్రెడ్‌లోనే పెడతాను.